కాగితం మంచు సినిమా

నిడదవోలులో మా ఇంట్లో ఆ సినిమా పెట్టింది నేనే. పాత రష్యా నవల, భర్తను వదిలి వెళ్ళిపోయిన ఒకావిడ కథ. దాన్నంతా నాటకాల హాల్లోనే నడిపించారు. రైలు చూస్తే పిల్లలాడుకునే బొమ్మ, మంచు చూస్తే కాగితం ముక్కలు.

"ఇదేం సినిమానే బాబూ! సెట్టింగుకి డబ్బుల్లేవా ఏంటి?" అని అక్క నవ్వింది.

పోనీలే, నవ్వింది కదా అనుకున్నాను. తాగొచ్చి కొట్టే మొగుణ్ణి వదిలి పుట్టింటికొచ్చాక అక్క నవ్వగా చూడలేదు. 'సర్దుకుపోవాలమ్మా, వెళ్ళిపో' అని ఊరంతా ఒకటే పాట, మా అమ్మతో సహా. ఆ మాటలు పడలేకే చర్చికి రావడం మానేసింది. అక్క అత్తగారిదీ మా చర్చే.

సినిమాలో ఒకచోట ఆవిడ తెల్ల గౌను వేసుకుని నాటకానికి వస్తుంది. జనమంతా ఎక్కడివాళ్ళక్కడ బిగుసుకుపోయి ఆమెనే చూస్తారు. చివరికి ఆవిడే లేచి వెళ్ళిపోతుంది. అక్కకు ఒళ్ళు మండిపోయింది.

"ఎందుకెళ్ళాలే? కూర్చోవాల్సింది! చూసి చూసి వాళ్ళ మెడలే నొప్పెడతాయి."

సినిమా మీద కోపం తెల్లారితే పోతుందిలే అనుకున్నాను. పోలేదు. ఆదివారం తెల్లచీర కట్టుకుని చర్చికి బయల్దేరింది. దేవుడా అనుకుంటూ నేనూ అమ్మా వెనకాలే వెళ్ళాం. ఆడవాళ్ళ వైపు ముందు వరసలో కూర్చుంది. పక్కనున్నవాళ్ళు మెల్లగా జరిగారు.

ఆ రోజు ప్రభురాత్రి భోజనం, అందరూ ముందుకెళ్ళి పక్కపక్కనే మోకరించి రొట్టె, ద్రాక్షరసం తీసుకుంటారు. అక్క వెళ్ళి బలిపీఠం ముందు మోకరించింది. ఆమె పక్కకు ఒక్కరూ వెళ్ళలేదు. పాస్టరుగారు రొట్టె పట్టుకుని చూస్తున్నారు. నాకు ఏడుపొచ్చేసింది.

నేను లేచేలోపు అటు చివర నుంచి అక్క అత్తగారు లేచారు. అయిపోయింది, ఇక గొడవే అనుకున్నాను. ఆవిడ తిన్నగా వెళ్ళి అక్క భుజం మీద చెయ్యేశారు.

"కాస్త పట్టుకోమ్మా, మోకాళ్ళు వంగట్లేదు," అని పక్కనే మోకరించారు.

బయటికి రాగానే మా అమ్మ పరుగున వెళ్ళింది. "మీది పెద్ద మనసు వదినగారూ. సాయంత్రమే పంపించేస్తానండి."

ఆవిడ అక్క చెయ్యి వదల్లేదు. "పంపకండి వదినగారూ. వాడేం మారలేదు. ఇది వెళ్ళిపోయాక ఇప్పుడు నన్ను కొడుతున్నాడు."

 

"పదండి అత్తయ్యగారూ, మనింటికెళ్దాం," అని అక్క ఆటో పిలిచింది.