రెండు పూతల దిబ్బ

మొన్న కరీంనగర్‌లో రంగుల షాపాయన నన్ను వింతగా చూశాడు. "రాతి సున్నమా? గిప్పుడెవరు కొంటుండ్రమ్మా! డబ్బల పెయింటున్నది తీస్కపో, జల్ది ఆరుతది" అన్నాడు. జల్దీ ఆరడమే నాకు వద్దు. ఎందుకో ఆయనకు చెప్పాలంటే నన్ను కన్న మా అవ్వ కథంతా చెప్పాలి. మూలకు పడి ఉన్న సంచీ ఒకటి వెతికించి తెచ్చుకున్నాను.

గుడ్ ఫ్రైడేకు ఏడుపుంటుంది, ఈస్టర్‌కు కొత్త బట్టలుంటాయి. మధ్యన శనివారానికి ఏమీ ఉండదు. ప్రభువు సమాధిలో ఉన్న రోజు. చర్చిలో గంట మోగదు, పాట ఉండదు. గోదావరి దగ్గరి మా బొగ్గుబాయి కార్మికుల కాలనీలో ఆ రోజు మా వాళ్లందరికీ ఒకటే పని, సమాధుల తోటకు పోయి తమవాళ్ల సమాధులకు సున్నం వేయడం. ఈస్టర్ తెల్లవారుజామున కొవ్వొత్తులు వెలిగించేసరికి అవి తెల్లగా ఉండాలి. అవ్వ శుక్రవారమే సున్నపురాళ్లు నానేసేది. బకెట్లో అవి కుతకుతమంటుంటే, ఉపవాసమున్న మా బాపు దాని పక్కన గొంతుక్కూర్చుని "నువ్వన్న ఉడుకుతున్నవ్, మా పొయ్యి సల్లగున్నది" అని బకెట్‌తో ముచ్చట పెట్టేవాడు.

నా తమ్ముడు నడక రాకముందే జ్వరంతో పోయాడు. వాడిది చిన్న మట్టి దిబ్బ. తల దగ్గర గుర్తుగా అవ్వ పొయ్యి పక్కనున్న బొగ్గుపెళ్లల్లో పెద్దది ఏరి పాతింది. కాలనీలో ఏ ఇంట్లో చూసినా ఉండేది బొగ్గే కదా! పక్కనే ఇంకో చిన్న దిబ్బ, దానికీ బొగ్గుపెళ్లే గుర్తు. ఆ ఏటి వానలకు రెండు పెళ్లలూ పొడిపొడై కొట్టుకుపోయాయి. ఒక దిబ్బ నేలలో కలిసిపోయింది, ఒకటే మిగిలింది.

తర్వాత వచ్చిన ఈస్టర్ ముందు శనివారం మేం పోయేసరికి దానికి ఒకావిడ సున్నం వేస్తోంది. ఆదిలాబాద్ నుంచి పనికొచ్చిన ఒకాయన భార్య, కూతుర్ని పోగొట్టుకున్న మనిషి. "గిది నా కొడుకుది" అంది అవ్వ. "కాదు, నా బిడ్డది" అంది ఆమె. ఇక చూడాలి! మౌనంగా ఉండాల్సిన రోజున కుంచెలు ఝళిపిస్తూ తోటంతా దద్దరిల్లేలా కొట్లాడారు. సర్దిచెప్పబోయిన పాస్టరయ్య తెల్లంగీకి మరింత తెలుపు అంటించుకుని వెళ్లిపోయాడు.

ఇంటికొచ్చాక బాపు "ఎవరు యాడున్నరో దేవునికెరుకనే గదా" అన్నాడు.

"దేవునికెరుకైతే నాకేంది? నేను ఎవల మీద ఏడ్వాలె? నాకెరుక గావాలె!" అంది అవ్వ. ఆ పూట అన్నం ముట్టలేదు.

మరుసటి ఏడు ఆమె ముందుగా వచ్చి వేసిపోయింది. అవ్వ ముఖం ముడుచుకుని అది ఆరేదాకా కూర్చుని, దానిమీద తన పూత వేసింది. ఆ పైయేడు అవ్వ ముందు, ఆమె వెనక. ఈ పంతాలతో తోటలో అంత తెల్లటి సమాధి ఇంకొకటి లేకుండా పోయింది. ఒక ఏడు మబ్బు పట్టి, అవ్వ పూత ఆరకముందే ఆమె వచ్చింది. ఇద్దరూ వేపచెట్టు కింద ఎడంగా కూర్చున్నారు, మధ్యన నేను. చాలాసేపటికి ఆమె "మీవోనికి పాలపండ్లొచ్చినయా చెల్లే?" అని అడిగింది.

"రెండు. కిందియి" అంది అవ్వ.

"మాదానికి ఒక్కటన్న రాలే" అంది ఆమె. అంతే, ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. దిబ్బ ఎవరిదన్న మాట మళ్లీ రాలేదు.

తర్వాత కొన్నేళ్లకు ఆమె భర్త రిటైరయ్యాక, వాళ్లు క్వార్టర్ ఖాళీ చేసి తమ ఊరికి పోయారు. ఆ ఏటి శనివారం అవ్వ తన పూత వేసి పొద్దుగూకేదాకా గేటు వైపే చూసింది. ఇక రాదని తెలిశాక లేచి, కుంచె మళ్లీ ముంచింది. "గిది అక్కది" అంది.

ఇప్పుడు అవ్వ కూడా ఆ తోటలోనే ఉంది. ఆదిలాబాద్ పెద్దమ్మ ఉందో లేదో తెలియదు. కాలనీ సగం ఖాళీ. ఈ రోజు అవ్వ సమాధికి సున్నం వేశాక, దిబ్బకు అవ్వ పూత వేసి, పెద్దమ్మ పూత వేయడానికి అది ఆరాలని వేపచెట్టు కింద కూర్చున్నాను. నా తర్వాత దీని దగ్గరికి వచ్చేవాళ్లెవరూ లేరు. రేపటి పండుగను నమ్మని దాన్ని కాదు. కానీ ఇన్ని ఈస్టర్లు వచ్చి వెళ్లినా, మా అవ్వకు మాత్రం తెల్లారని శనివారంగానే బతుకంతా గడిచిపోయింది.