తొలి వంతులో నా పేరు

మా ఫుట్‌బాల్ మేడం పోయారని తెలిసినప్పుడు నేను మహబూబాబాద్ స్టేషన్‌లో జనగామ రైలు కోసం నిలబడి ఉన్నాను. ఆమెను చూడ్డానికే బయలుదేరాను. “అక్క తెల్లారంగ పోయింది బిడ్డా” అని వాళ్ల చెల్లెలు ఫోన్‌లో చెప్పింది. ఇంతలో రైలు వచ్చింది. ఏం చేయాలో తోచక ఎక్కి కూర్చున్నాను.

దారిలోనే మా ఆటగాళ్ల వాట్సాప్ గ్రూపు సంతాపాలతో నిండిపోయింది. అందులో ఒకరు “కప్పు గెలవకపోయినా మంచి కోచ్” అని రాశారు. నాకు ఒళ్లు మండింది. ఆ ‘గెలవకపోయినా’ అన్న మాటకు జవాబుగానే ఇది రాస్తున్నాను.

మేడంను మొదటిసారి చూసినప్పుడు నాకు పదహారేళ్లు. మాది మహబూబాబాద్ దగ్గర తండా, మిరపతోటల్లో కూలికి పోయే ఇల్లు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జట్లకు ఆడపిల్లల్ని ఎంచుతున్నారంటే వెళ్లాను. ముందు అందరితో ఆట ఆడించారు. తర్వాత ముగ్గురు కోచ్‌లు చీటీలు తీసి, వచ్చిన వరుసలో ఒక్కొక్కరిని ఎంచుకోవాలి. మొదటి వంతు జనగామ జట్టు కోచ్‌కు, అంటే మేడంకు వచ్చింది. ఆ రోజు నాలుగు గోల్స్ కొట్టిన పొడుగాటి అమ్మాయి పిలవకముందే లేచి నిలబడింది. మేడం నా పేరు చెప్పారు. నేను ఆ నాలుగు గోల్స్ ఆపలేని జట్టులో వెనక ఆడినదాన్ని!

భూపాలపల్లి కోచ్ పకపకా నవ్వారు. “ఈ పిల్ల గా పొడుగామె భుజానికి గూడ రాదు మేడం. తెలుగే సక్కగ రాదు. గ్రౌండ్‌ల తోటోళ్లను ఎట్ల పిలుస్తది?”

“ఆమెకు రాకుంటె ఆమె మాట మేం నేర్సుకుంటం” అన్నారు మేడం. “గోల్ కొట్టిన పిల్లను మీరందరు చూసిండ్రు. గోల్ పడ్డంక వలలకెళ్లి బంతి తీస్కొని నడిమిట్లకు ఉరికిన పిల్లను నేను చూసిన. నాలుగుసార్లు ఉరికింది.”

ఏటా ఎంపిక రోజున ఆమె గంట ముందే వచ్చి ఒక మూలన కూర్చునేవారు. పిల్లల చీలమండలు తన చేతులతో నొక్కి చూసేవారు. బెణికిన సంగతి దాచిపెడితే అక్కడే బయటపడేది. తప్పు పాస్ ఇచ్చిన దోస్తును తిట్టే పిల్ల ఎంత బాగా ఆడినా తొలి వంతులో ఆమె నోట పేరు వచ్చేది కాదు. “బంతి రాకముందు మెడ తిప్పి చూస్తదా లేదా? కాళ్లకు నేర్పొచ్చు గని మెడకు నేర్పలేం” అనేవారు.

అన్నమాట ప్రకారం జట్టంతా మా లంబాడీ మాటలు నేర్చుకుంది. కుడి, ఎడమ, వెనక ఉంది, వదిలెయ్ అన్నీ మా భాషలోనే అరిచేవాళ్లం. మొదటి ఆట మహబూబాబాద్‌తో. ఆ జట్టులో ముందు ఆడే ఇద్దరూ తండా పిల్లలే! మా అరుపులన్నీ వాళ్లకు అర్థమయ్యాయి. మూడు గోల్స్ తేడాతో ఓడిపోయాం. మేడం నవ్వు ఆపుకోలేక నేల మీద కూర్చున్నారు.

పోటీలు నడిపే పెద్దమనిషి మాత్రం నవ్వలేదు. “ఇంకా టైముంది మేడం, ఆ పొట్టిదాన్ని మార్చుండ్రి” అన్నాడు. అది విని నేను బూట్లు విప్పేశాను.

“మార్చ. ఓడితె నా పేరు రాసుకోండ్రి, పిల్ల పేరు రాయకుండ్రి” అన్నారు మేడం. నా వైపు తిరిగి, “బూట్లెందుకు ఇప్పినవే? నేను ఇప్పమన్ననా?” అని గదిమారు.

తర్వాతి ఆట భూపాలపల్లిలో. అక్కడ మా మాట ఎవరికీ తెలియదు. ఆ పొడుగాటి అమ్మాయి వాళ్ల జట్టులోనే ఉంది. ఆట చివరిదాకా ఆమెను మేం ఒక్క గోల్ కూడా కొట్టనివ్వలేదు. మేమూ కొట్టలేదనుకోండి. కప్పు మహబూబాబాద్‌కు పోయింది. మేడం ఉన్నన్నాళ్లూ జనగామకు రాలేదు.

రాలేదు, అయితే ఏమిటి? ఇప్పుడు మహబూబాబాద్ జట్టుకు పిల్లల్ని ఎంచేది నేనే. పొట్టివాళ్లను, మాట సరిగా రానివాళ్లను తొలి వంతులో తీసుకుంటానని నన్ను చూసీ నవ్వుతారు. నవ్వనీ.

రెండు వారాల కింద జనగామ దవాఖానలో ఆమెను చివరిసారి చూశాను. మేడ మీద గది. సెలైన్ ఎక్కుతోంది. నేను మాట్లాడుతుంటే ఆమె చూపు కిటికీ బయటే ఉంది. కింద ఆవరణలో ఒక పిల్ల ఖాళీ నీళ్ల సీసాను గోడకేసి తన్నుతోంది.

“ఎడమ కాలు సూడు ఎట్లున్నదో. పో, ఏ ఊరో అడిగిరా.”

“మీరు ముందు పండుకోండి మేడం.”

“నేను పండుకుంటగని నువ్వు పో!”

మెట్లు దిగి పరుగెత్తాను. అప్పటికే పిల్ల లేదు. గేటు దగ్గర నాలుగైదు ఆటోలు కదులుతున్నాయి. ఏది ఎక్కిందో తెలియక తలెత్తి పైకి చూశాను. మేడం మంచం దిగి కిటికీ దగ్గర నిలబడ్డారు. సూది గుచ్చిన చేయి ఊచల్లోంచి బయటికి చాచి, అటు, అటు అని బస్టాండు వైపు చూపిస్తున్నారు.