బట్టీ చల్లార్చిన తొమ్మిది రోజులు

బట్టీ మేస్త్రీకి ఉద్యోగం పోయిన సంగతి ఆయనకంటే ముందు క్యాంటీన్‌లో టీ పోసే ఆమెకు తెలిసింది. ఆ రోజు పొద్దున ఆమె డబ్బులు తీసుకోకుండా టీ ఇచ్చింది. ఇరవై ఆరేళ్ళలో ఒక్క గుక్క కూడా ఊరికే పోసిన మనిషి కాదు. "ఏంటమ్మా, ఇవాళ దానధర్మాలు మొదలెట్టావు?" అని మేస్త్రీ వేళాకోళం చేశాడు. ఆమె నవ్వలేదు. తల వంచుకుని, కడిగిన గ్లాసునే మళ్ళీ కడుగుతూ కూర్చుంది.

గంట తర్వాత అందర్నీ ప్యాకింగ్ హాల్లోకి పిలిచారు. అది పింగాణీ కప్పులూ పళ్ళేలూ చేసే ఫ్యాక్టరీ. నూట నలభై మంది చేతులకంటిన మట్టి దులుపుకుంటూ వచ్చి నిలబడ్డారు. హెడ్డాఫీసు నుంచి వచ్చిన ఆఫీసరు ఒక కాగితం చదివాడు. అందులో పునర్వ్యవస్థీకరణ అనే మాట నాలుగుసార్లు వచ్చింది. "ఇంతకీ మనకి పని ఉన్నట్టా, లేనట్టా?" అని అచ్చులు పోసే మనిషి పక్కవాణ్ణి గుసగుసగా అడిగాడు. లేనట్టు. అదీ ఆ రోజు నుంచే. పన్నెండు గంటల్లోపు గుర్తింపు కార్డులు గేటు దగ్గర అప్పజెప్పి, పేరు రాసి ఉన్న కవరు తీసుకుని వెళ్ళిపోవాలి.

 మేస్త్రీకి కోపం రాలేదు, ఏడుపు రాలేదు. చుట్టూ జనం ఏదో అంటున్నారు, ఎవరో ఏడుస్తున్నారు, ఆయనకేమీ వినబడటం లేదు.  ఆ అయోమయంలో ఆయనకి తట్టింది ఒక్కటే. బట్టీ మండుతోంది.

ఆ బట్టీ మామూలు పొయ్యి కాదు. ఎనభై అడుగుల పొడవున ఇటుకలతో కట్టిన సొరంగం. పచ్చి కప్పులు పేర్చిన బండి ఒక చివర లోపలికెళితే, కాలిన కప్పులతో రెండో చివర బయటికొస్తుంది. కట్టిన నాటి నుంచి దాన్ని పూర్తిగా ఆర్పింది మూడే మూడు సార్లు. ఉన్నపళంగా మంట ఆపేస్తే లోపలి పైకప్పు పగుళ్ళిచ్చి, ఇక దేనికీ పనికిరాకుండా పోతుంది. అందుకని బట్టీ పనివాళ్ళకి ఒక పద్ధతి ఉంది. జ్వరం వచ్చినా, ఇంట్లో మనిషి పోయినా, మండుతున్న బట్టీని ఇంకొకరికి అప్పజెప్పకుండా గేటు దాటరు. ఇప్పుడు అప్పజెప్పడానికి ఎవరూ లేరు. అందరూ కవర్ల కోసం వరసలో నిలబడ్డారు.

మేస్త్రీ ఆఫీసరు దగ్గరికి వెళ్ళాడు. "సార్, బట్టీ ఉంది."

"మెయిన్ స్విచ్ ఆపేసి వెళ్ళిపోండి," అన్నాడు ఆఫీసరు ఫోన్లోంచి తలెత్తకుండా.

"బట్టీకి స్విచ్ ఉండదు సార్. మెల్లిగా దింపాలి. తొమ్మిది రోజులు పడుతుంది."

ఆఫీసరు చేతి గడియారం చూసుకున్నాడు. "గ్యాస్ ఎలాగూ నెలాఖరు దాకా ఉంది. మీ ఇష్టం," అనేసి కారెక్కాడు.

ఆ "మీ ఇష్టం"నే మేస్త్రీ ఆర్డరు అనుకున్నాడు. దానికో కాగితం అడగాలని ఆయనకి తోచలేదు. తోచినా అడిగేవాడు కాదు. అంత మొహమాటస్తుడు.

ఆ పూటకి మంట నిలకడగా పెట్టి, ఇంటికెళ్ళి చెబితే భార్య కుట్టుమిషన్ ఆపేసింది. ఆవిడ బట్టల కొట్టు వాళ్ళకి జాకెట్లు కుట్టి ఇస్తుంది. ఆ వచ్చేది కూరగాయలకీ కరెంటు బిల్లుకీ సరిపోతుంది, అంతకంటే కాదు. ఇల్లు నడిచేది మేస్త్రీ జీతం మీద.

"పొమ్మన్నాక ఇంకా ఆ పొయ్యి దగ్గర ఏం పని మీకు?" అంది.

"వదిలేస్తే పగిలిపోతుందే."

"పగిలితే వాళ్ళది పగులుతుంది."

"వాళ్ళదే. అయినా పగలకూడదు కదా."

ఆవిడకి ఒళ్ళు మండింది. కానీ మర్నాడు పొద్దున్నే లేచి, ఎప్పటిలాగే డబ్బా కట్టి చేతికిచ్చింది.

అలా తొమ్మిది రోజులు. వాచ్‌మన్ అలవాటు కొద్దీ గేటు రిజిస్టరు ముందుకి తోసేవాడు, మేస్త్రీ అలవాటు కొద్దీ సంతకం పెట్టేవాడు. వచ్చిన టైమూ వెళ్ళిన టైమూ రాసి, పని అని ఉన్న గడిలో "బట్టీ" అని రాసేవాడు. లోపల నరమానవుడు లేడు. ప్యాకింగ్ హాల్లో ఎవరో వదిలేసిన చెప్పుల జత ఒకటి అలాగే పడి ఉంది. మేస్త్రీ మూడు గంటలకోసారి గ్యాస్ కాస్త తగ్గించి, వేడి చూపే ముల్లు ఎంత దిగిందో చూసి, ఇటుక గోడకి చెవి ఆనించేవాడు. టక్కుమని చప్పుడొస్తే తగ్గించడం ఎక్కువైందని గుర్తు, మళ్ళీ కొంచెం పెంచాలి. సాయంత్రం మంట దించి పెట్టి వెళితే పొద్దుటిదాకా దాని మానాన అది చల్లబడేది. అయిదో రోజు కనుబొమలు కాలాయి. తొమ్మిదో రోజు టార్చిలైటు పట్టుకుని సొరంగంలోకి దూరి, పైకప్పు ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఇటుక ఇటుకా చూశాడు. ఒక్క పగులు లేదు. అరచేయి ఆనిస్తే గోడ గోరువెచ్చగా ఉంది.

గేటు దగ్గర రిజిస్టర్లో "బట్టీ చల్లారింది" అని రాశాడు. "ఇక రారా మేస్త్రీ గారూ?" అని అడిగాడు వాచ్‌మన్. "దేనికొస్తాను?" అన్నాడు మేస్త్రీ. ఆ మాట అన్నాకే ఉద్యోగం పోయిందన్న సంగతి తలకెక్కింది. రోడ్డు పక్క గట్టు మీద కూలబడి, రెండు బస్సులు వెళ్ళిపోయేదాకా లేవలేకపోయాడు.

ఉద్యోగం పోయినవాళ్ళకి ఆరు నెలలు భృతి వస్తుందని, దానికి దరఖాస్తు పెట్టాలని బావమరిది చెప్పాడు. ఫోన్లో ఫారం నింపిందీ అతనే. "బావా, ఆఖరి పని రోజు ఏదని అడుగుతోంది. ఏం వెయ్యమంటావు?"

"కవర్లో కాగితం ఉందిగా. దాంట్లో ఉన్నదే వెయ్యి."

వేశాడు. ఆ ఒక్క గడి తన కొంప ముంచుతుందని మేస్త్రీకి కలలోనైనా తోచలేదు.

తర్వాత రెండు నెలలపాటు జరిగింది చెబితే ఎవరికైనా విసుగొస్తుంది. వినేవాళ్ళకే విసుగొస్తే పడినవాడికి ఎలా ఉండాలి? ఉపాధి కార్యాలయంలో మూడో కౌంటరు వాళ్ళు ఏడుకి పొమ్మన్నారు. ఏడులో వాళ్ళు ఫోటో సైజు బాగాలేదన్నారు. ఫోటో మార్చి తెస్తే ఆ కౌంటరు మనిషి సెలవులో ఉన్నాడు. ఫోన్ చేస్తే "మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం" అని ఒక గొంతు చెబుతుంది, తర్వాత పావుగంట సంగీతం, తర్వాత కట్. "అంత ముఖ్యమైనవాణ్ణి ఇంత సేపు కూర్చోబెడతారా?" అన్నాడు బావమరిది. ఎవరూ నవ్వలేదు. ఇంటి అద్దె ఆగిపోయింది. ఇంటాయన ఎదురుపడితే మేస్త్రీ చెప్పులో రాయి పడ్డట్టు వంగి కూర్చునేవాడు. ఈ భృతి రాకపోతే ఇల్లు ఖాళీ చెయ్యక తప్పదు, వేరే దారి లేదు.

తొమ్మిదో వారం ఉత్తరం వచ్చింది. స్వయంగా హాజరు కావాలని.

కౌంటరు దగ్గర ఉన్న అమ్మాయి నెమ్మదస్తురాలు. కళ్ళజోడు సర్దుకుని, కంప్యూటరు తెర ఆయన వైపు తిప్పింది. ఎవరు ఏ రోజు దాకా పని చేశారో సరిచూసుకోవడానికి ఆఫీసు వాళ్ళు ఫ్యాక్టరీ గేటు రిజిస్టరు నకలు తెప్పించుకున్నారట. తెర మీద మేస్త్రీ చేతిరాత కనబడుతోంది. బట్టీ, బట్టీ, బట్టీ.

"మీకు మూడో తారీఖున పని పోయిందని రాశారండీ. కానీ పన్నెండు దాకా పనిలో ఉన్నారు."

"చల్లార్చాలి కదమ్మా."

"ఏంటండీ?"

మేస్త్రీ చెప్పాడు. బట్టీకి స్విచ్ ఉండదని మొదలుపెట్టి, గోరువెచ్చటి గోడ దాకా చెప్పాడు. ఆమె శ్రద్ధగానే విన్నది. వెనక నిలబడ్డ ఒకతను "త్వరగా కానివ్వండి" అన్నాడు.

"అంటే పని చేసినట్టే కదండీ. మరి తప్పు తేదీ ఇచ్చినట్టవుతుంది. తప్పు సమాచారమిస్తే దరఖాస్తు కొట్టేస్తారు," అందామె. "పన్నెండు దాకా చేశారని కంపెనీ రాసిస్తే తేదీ మారుస్తాం. మీకు జీతం కూడా రావాలి."

మేస్త్రీ తెర మీది తన చేతిరాతనే మళ్ళీ చూశాడు. తప్పు సమాచారమా? ఇరవై ఆరేళ్ళలో ఒక్క నిమిషం ముందు వచ్చినట్టు కూడా దొంగ టైము వెయ్యని మనిషి ఆయన. ఆ రిజిస్టరే ఇప్పుడు తనని అబద్ధాలకోరుని చేసింది.

కంపెనీకి ఉత్తరం రాశాడు. జవాబు తొందరగానే వచ్చింది, అది మాత్రం మెచ్చుకోవాలి. మూడో తారీఖు తర్వాత ఆ ఆవరణలో ఏ పనీ జరగలేదని, ఎవరికీ అనుమతి లేదని, మేస్త్రీ అక్కడెందుకున్నాడో తమకు తెలియదని రెండు వాక్యాల్లో రాశారు. మేస్త్రీ ఆ కాగితాన్ని వెనక్కి తిప్పి కూడా చూశాడు. వెనక ఏమీ లేదు.

మర్నాడు ఫ్యాక్టరీకే వెళ్ళాడు. పాత వాచ్‌మన్ లేడు. లోపల కొత్త మనుషులు బట్టీని విప్పుతున్నారు. ప్రతి ఇటుక మీదా సుద్దతో నంబరు వేసి లారీలో పేరుస్తున్నారు. వేరే ఊరి కంపెనీ ఏదో బట్టీని బట్టీలాగే కొనుక్కుందట.

"విప్పి మళ్ళీ కట్టేంత బాగుందా?" అని అడిగాడు మేస్త్రీ అక్కడున్న సూపర్‌వైజర్ని.

"మీకు తెలీదు పెద్దాయనా, ఇలాంటివి ఎప్పుడు చూసినా పగిలే దొరుకుతాయి. ఒక్క పగులు లేదు దీనికి. ఎవరో పనితెలిసినవాడు ఓపిగ్గా చల్లార్చాడు."

"నేనే."

సూపర్‌వైజరు ఆయన్ని కిందా మీదా చూశాడు. మేస్త్రీ అదే మాట కాగితం మీద రాసిమ్మని అడిగాడు. "బట్టీ బాగుందని రాసివ్వగలను. ఎవరు చల్లార్చారో నాకేం తెలుసు?" అన్నాడతను. న్యాయమే. మేస్త్రీ ఇంటికెళ్ళిపోయాడు.

కంపెనీ కాగితం తేవడానికి ఆఫీసు వాళ్ళు ఇచ్చిన గడువు ఆఖరి రోజున భార్య వెంటబెట్టుకుని ఆఫీసుకి తీసుకెళ్ళింది. కళ్ళజోడు అమ్మాయి గొంతు తగ్గించింది. "నేను చెప్పానని కాదు గానీ, ఒక దారుంది. ఆ తొమ్మిది రోజులూ ఏ పనీ చేయలేదు, అలవాటు కొద్దీ వెళ్ళి కూర్చున్నాను అని రాసిచ్చెయ్యండి. కంపెనీ ఉత్తరంలో ఉన్నదానికి సరిపోతుంది. ఇవాళే పాసవుతుంది."

"మరి బట్టీ దానంతటదే చల్లారిందా అమ్మా?"

"బట్టీ సంగతి ఫారంలో లేదండీ."

"రాసెయ్యండి," అంది భార్య. "ఇల్లు ఉంటే చాలు మనకి. వాళ్ళకి లేని బాధ మీకెందుకు?" ఆ బట్టీ ఊసు వదిలెయ్యమని వారం రోజులుగా ఆవిడ పోరుతూనే ఉంది.

మేస్త్రీ కలం తీసుకున్నాడు. ఏ పనీ చేయలేదు అని రాయడానికి చాలాసేపు పట్టింది. అక్షరాలు తిన్నగా రాలేదు. సంతకం పెట్టి కాగితం ముందుకు తోశాడు.

"సాక్షి సంతకం కూడా కావాలండీ. మీరు పెట్టొచ్చు," అంది అమ్మాయి, ఆయన భార్యతో.

ఆవిడ కాగితం తీసుకుని చదివింది. ఒకసారి చదివింది, మళ్ళీ చదివింది. తొమ్మిది రోజులూ పొద్దున్నే డబ్బా కట్టిచ్చింది ఆవిడే. కాలిన కనుబొమలకి వెన్న రాసిందీ ఆవిడే.  కళ్ళనీళ్ళు కాగితం మీద పడకుండా కొంగుతో తుడుచుకుంది.

"నావల్ల కాదండీ," అంది మొగుడి వైపు చూడకుండా. "నేను చూశానుగా."

"పెట్టెయ్యి," అన్నాడు మేస్త్రీ మెల్లిగా. "నువ్వు చూశావు. అది చాల్లే."

ఆవిడ పెట్టింది. అమ్మాయి రెండు కాగితాలూ కలిపి పిన్ను కొట్టి, ముద్ర వేసి, కంప్యూటర్లో ఏదో నొక్కింది. ముఖం విప్పారింది. ఒకరికి మంచి జరిగితే సంతోషించే పిల్ల, పాపం ఆమె తప్పేమీ లేదు.

"అయిపోయిందండీ, పాసైంది. ఇంకో సంగతి. మీకు భృతి మూడో తారీఖు నుంచే లెక్క. ఆ తొమ్మిది రోజులవీ మొదటి విడతలో కలిపి వస్తాయి. ఆ రోజుల్లో మీరు ఖాళీగా ఉన్నారు కదా."

మేస్త్రీ ఆమె వైపు తెల్లబోయి చూశాడు. ఆ తొమ్మిది రోజుల పనికి ఎవరూ పైసా ఇవ్వలేదు. చెయ్యలేదని సంతకం పెడితే ఇప్పుడు ఇస్తున్నారు. ఆయనకి నవ్వొచ్చిందో దుఃఖమొచ్చిందో ఆయనకే తెలియలేదు.  పక్కన భార్య ఆయన మోచేయి గట్టిగా పట్టుకుంది. అమ్మాయి ఇంకా జవాబు కోసం చూస్తోంది, అది కూడా ఫారంలో ఒక గడి కాబోలు.

"అవునమ్మా," అన్నాడు మేస్త్రీ. "ఖాళీగానే ఉన్నాను."