బిడ్డ ఊపిరితిత్తులకు ఎవరు చెప్పారు?

మా పిల్లల డాక్టరమ్మ పోయింది. నంద్యాలలో ఏళ్ల తరబడి ఆమె దగ్గర నర్సుగా చేశాను కాబట్టి ఫోను ముందు నాకే వచ్చింది. నిద్రలోనే గుండె ఆగిందట. ఆ కబురు వెనకే ఇంకో మాట. ఏకాదశి నాడు పోయింది, ఎంత పుణ్యాత్మురాలో అని. నాకు ఒళ్లు మండిపోయింది. పంచాంగం పట్టుకుని పిల్లల్ని కనే మనుషులతో బతికినన్నాళ్లూ కొట్లాడిన మనిషికి చావులో కూడా తిథి అంటగట్టారు.

ఆమెకు చిరాకు మనిషని పేరు. నిజమే. టీ చల్లారిందని విసుక్కునేది, ఆ చల్లారిన టీనే తాగేది. కానీ ఏ పసిబిడ్డనూ పలకరించకుండా సూది వేసేది కాదు. "ఏం సారూ, పనిలో ఉండావా?" అని అడిగేది. ఊపిరి తీసుకోవడమే వాళ్ల పని అని మాకు చెప్పేది.

ఆమె కోపమంతా ముహూర్తం కాన్పుల మీద. అవసరమైతే ఆపరేషన్ చేయండి, ఘడియ కోసం నెలలు నిండని బిడ్డను బయటికి లాగడమేంటని అరిచేది. బిడ్డ ఊపిరితిత్తుల్లో చిన్న చిన్న గాలి గదులుంటాయి. వాటి గోడల్లోని కొన్ని కణాలు సర్ఫాక్టెంట్ అనే జిడ్డులాంటి పదార్థం తయారుచేసి పొట్లాలుగా దాచుకుంటాయి. అది గోడలకు పరుచుకోకపోతే గదులు తడిసిన ప్లాస్టిక్ కవరులా అతుక్కుపోతాయి. ఆ పొట్లాలు ఊరికే విప్పుకోవు. నొప్పులప్పుడు బిడ్డ ఒంట్లో ఊరే అడ్రినలిన్ వాటిని విప్పమంటుంది. పుట్టాక గట్టిగా ఏడ్చినప్పుడు గదులు సాగితే ఇంకొన్ని విప్పుకుంటాయి. "నొప్పులంటే బిడ్డకు కబురమ్మా" అనేది డాక్టరమ్మ. ఎంతమందికి చెప్పిందో. విన్నవాళ్లు తక్కువ.

మా వాళ్లే వినలేదు. మా చెల్లెలి అత్తగారిది ఆళ్లగడ్డ. మొదటి కాన్పుకు, నెలలు పూర్తిగా నిండకుండానే ముహూర్తం పెట్టించారు. నా మాట చెల్లకపోతే డాక్టరమ్మే నాతో వాళ్లింటికి వచ్చింది. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"ముహూర్తం మీరు పెట్టినారు, సరే. ఆ బిడ్డ ఊపిరితిత్తులకు ఎవురు చెప్పినారప్పా?" అని మా మరిదిని, అంటే చెల్లెలి మొగుణ్ణి, అడిగింది.

అతను నవ్వాడు. వాళ్లమ్మ కాఫీ తెచ్చింది. ముహూర్తం మాత్రం మారలేదు.

అనుకున్న ఘడియకే బిడ్డ పుట్టాడు. కాసేపటికే మూలగడం మొదలుపెట్టాడు. ఊపిరి లాగిన ప్రతిసారీ డొక్కలు లోపలికి పీక్కుపోతున్నాయి. పరుగున నంద్యాలకు తెచ్చారు. డాక్టరమ్మ సన్నని గొట్టం వేసి, వాడి ఊపిరితిత్తుల్లోకి సర్ఫాక్టెంట్ మందు పంపింది. వాడు తేరుకునేదాకా పక్కనే స్టూలు మీద కూర్చుంది. ఒక్క మాటతోనైనా ఎత్తిపొడవలేదు. ఆ ఓర్పు తలచుకుంటే నాకు ఇప్పటికీ ఏడుపొస్తుంది. నేనైతే ఊరుకునేదాన్ని కాదు.

మొన్న సంతాప సభలో మా మరిది మైకు పట్టుకున్నాడు. డాక్టరమ్మ చేతి చలువకు ముహూర్త బలం తోడయ్యి తన కొడుకు బతికాడన్నాడు. జనం తలలూపారు. పక్కనే మా చెల్లెలు మళ్లీ పెద్ద కడుపుతో కూర్చుని ఉంది. ఈ కాన్పుకు కూడా అప్పుడే ఘడియ చూసి పెట్టుకున్నారు. మళ్లీ తొందరపడుతున్నారు. సిగ్గుండాలి. పదిమందిలో కడిగేద్దామని నేను లేచాను.

నాకన్నా ముందు మా చెల్లెలు లేచింది. నడుం పట్టుకుని మెల్లగా వేదిక ఎక్కి, మొగుడి చేతిలోంచి మైకు తీసుకుంది.

"ఈసారి కాన్పు దినం డాక్టర్లు చెప్పాల. నువ్వు కాదు" అంది.

మైకు నోటి దగ్గరే పెట్టుకుని అలాగే నిలబడిపోయింది. మెట్లెక్కిన ఆయాసంతో అది తీసుకుంటున్న ఊపిరి హాలంతా వినిపించింది.