సన్నాయిలో ఇంగ్లీషు పాట

పెళ్లికొడుక్కి ఇంగ్లీషు పాటల పిచ్చి ఉందని తెలిసిన నాడు మా మేనత్త ఒక పూట అన్నం మానేసింది. తాగుడైతే మాన్పించవచ్చు, పేకాటైతే తిట్టి ఇంటికి లాక్కురావచ్చు, అర్థంకాని పాటలు వినేవాణ్ణి ఏ డాక్టరుకి చూపిస్తామని ఆవిడ బాధ. అరవైల చివరి మాట ఇది. మాది బొబ్బిలి, నాన్నది బెల్లం వ్యాపారం. అబ్బాయిది శ్రీకాకుళంలో రేడియోల దుకాణం. విశాఖపట్నం వెళ్లి, హార్బరుకి వచ్చే ఓడల వాళ్లను పట్టుకుని ఇంగ్లీషు రికార్డులు సంపాదించేవాడట. పెళ్లిచూపుల్లో నేను తలెత్తింది లేదు. చాప మీద అతని మోకాలొక్కటే కనిపించింది, అది ఆగకుండా ఊగుతూనే ఉంది. ఎలాంటి మనిషితో బతకబోతున్నానో తెలియక నాకు నిజంగానే భయం వేసింది.

అటువైపు నుంచి అబ్బాయి సొంతంగా కోరిన కోరిక ఒక్కటే. పెళ్లిలో మేళం వాళ్లు ఒక ఇంగ్లీషు పాట వాయించాలి. నాన్న ముందు నవ్వాడు, తర్వాత మళ్లీ అడిగాడు, నిజమేనని తేలాక సన్నాయి మేస్త్రిని పిలిపించాడు. మేస్త్రికి తన ఊపిరి మీద మహా గర్వం. పల్లకీ ముందు ఊరంతా తిరిగి వాయించినా ఆయాసం ఎరగనని చెప్పుకునేవాడు. అబ్బాయి పంపిన గ్రామఫోను పెట్టెని మా గోడౌనులో బెల్లం దిమ్మల మధ్య పెట్టి, రికార్డు వేశారు. గిటార్లు ఒక్కసారిగా ఊళ వేశాయి. లెక్కలు రాసే గుమాస్తా బయటికి నడిచాడు. మేస్త్రి మాత్రం కళ్లు మూసుకుని చివరిదాకా విన్నాడు.

"శుద్ధ ధన్యాసి రాగమేనండి ఇది. ఆళ్ళకేదో తొందర పనున్నట్టున్నాది, అంతే" అన్నాడు.

ఆ తొందరంతా ఆయన తీసేశాడు. నాలుగు రోజుల సాధనలో ఆ పాటకి గమకాలు వచ్చాయి, నిదానం వచ్చింది, మధ్యలో చిన్న ఆలాపన కూడా వచ్చి చేరింది. గోడ ఇవతల వింటూ, ఇది రాసిన దొరలు వస్తే వాళ్లూ కాళ్లు కడుక్కుని కూర్చుంటారనుకున్నాను. మా నాయనమ్మ అయితే ఎవరింట్లోనో హారతి ఇస్తున్నారనుకుని చేతులు కళ్లకద్దుకుంది. ఆవిడకి అసలు సంగతి మేం చెప్పలేదు.

వచ్చిన చిక్కల్లా డోలు ఆయనతో. పెళ్లిళ్ల రోజులు కదా, ఆయన పార్వతీపురం వైపు పెళ్లిళ్లలో తిరుగుతూ ముందురోజు గానీ దిగలేదు. రికార్డు ఒక్కసారి విన్నాడు. పాట ఆయనకి నచ్చలేదు. చివర్లో డ్రమ్ములవాడు పూనకం వచ్చినట్టు బాదే చోటు మాత్రం తెగ నచ్చింది. మొత్తం గుంపులో పని తెలిసినవాడు వాడొక్కడేనని తీర్మానించి భోజనానికి వెళ్లిపోయాడు.

ముహూర్తం పగటిపూట. మా ఇద్దరి మధ్యా తెర పట్టారు. నా చేతిలో తమలపాకు, దాని మీద జీలకర్ర బెల్లం. సొంత కొట్టు సరుకు కదా అని నాన్న ఏరి తెచ్చిన మెత్తటి బెల్లం, ఆ ఎండకి వేళ్ల సందుల్లోంచి జారిపోతోంది. వెనక కూర్చున్న మేనత్త చెవిలో ఒకటే పోరు.

"డోలు గట్టిగా మోగిందా, ఇంకేటీ సూడకు, ముందు నువ్వే పెట్టీ. ముందెవులు పెడితే ఇంట్లో ఆళ్ళ మాటే సెల్తాది."

ఇంకా టైముంది, ఏదో ఒకటి వాయించమని పురోహితుడు మేళం వైపు చేయి ఊపాడట. మేస్త్రి తనకొచ్చిన కీర్తనలన్నీ అప్పటికే వాయించేశాడు. పెళ్లికొడుకు స్నేహితులు సైగ చేశారట. ఈ 'అట'లన్నీ తర్వాత తెలిసినవి, తెర వెనక నాకేం కనిపిస్తుంది? సన్నాయి అందుకున్న పాట మాత్రం పోల్చుకున్నాను. హాయిగా సాగుతోంది. ఉన్నట్టుండి డోలు ఆయన నచ్చిన చోటికి వచ్చాడు. ఆ రికార్డులో డ్రమ్ములవాడు ఏ దేశంవాడో గానీ, అతని బాదుడు మన డోలు మీదికి వచ్చేసరికి అచ్చంగా గట్టిమేళమే అయి కూర్చుంది.

మేనత్త నా మోచెయ్యి ఎగదోసింది. నేను తెర మీదుగా చేయి చాపి, అందిన తల మీద జీలకర్ర బెల్లం అదిమేశాను. ఆ తల తాళానికి ఊగుతోంది, అందుకని సగం చెవి మీద పడింది. అక్షింతలు వానలా కురిశాయి. ఫొటోగ్రాఫరు బల్బు వెలిగించాడు. అవతల పంక్తిలో విస్తళ్లు పరిచేశారు.

నా తల మీదికి మాత్రం ఏ చేయీ రాలేదు. అతనికి పాట వచ్చు మరి. అది గట్టిమేళం కాదని ఆ పందిట్లో తెలిసినవాడు అతనొక్కడే.

డోలు ఆగింది. పురోహితుడు తల పట్టుకున్నాడు. ఇప్పుడు నడుస్తున్నది దుర్ముహూర్తమట, మంచి ఘడియ ఇంకా రావాలట. అమ్మాయి పెట్టింది తుడిచేసి, వేళకి మళ్లీ పెట్టిస్తే సరిపోతుందన్నాడు. పెట్టిన జీలకర్ర బెల్లం తుడిస్తే అంతకన్నా అరిష్టం ఉందా అని మగపెళ్లివారి ముసలమ్మలు లేచారు. ఉంచితే తప్పు, తీస్తే తప్పు. మామగారు కండువా దులిపి లేచి, ఇది మంచి శకునం కాదు బావగారూ, మరో రోజు చూసుకుందాం అన్నారు. మరో రోజు అంటే ఏమిటో పందిట్లో అందరికీ తెలుసు. పీటల మీంచి లేచిపోయిన సంబంధం తిరిగి రాదు. తొందరపడ్డ పిల్ల అన్న పేరుతో నేను ఆ ఇంట్లోనే ఉండిపోతాను. నాన్న రెండు చేతులూ జోడించాడు. ఆ చేతులు చూడలేక తల వంచుకున్నాను. అంతసేపూ నాకు ధైర్యం నూరిపోసిన మేనత్త అందరికన్నా ముందు ఏడుపు మొదలుపెట్టింది.

అప్పుడు తెర అవతల నుంచి ఒక గొంతు వినపడింది. పెళ్లికొడుకు గొంతు వినడం నాకు అదే మొదలు.

"ఎవులూ తుడవొద్దు. ఆవిడ నన్ను ఒప్పీసుకున్నాది. నాను ఏలకి పెడతాను, అందాకా ఇలాగే కూకుంటాను. నువ్వూ కూకో నాన్నా."

మామగారు నిలబడే ఉన్నారు. అతను మేళం వైపు తిరిగి, పాట సగంలో ఆపేశారేమని అడిగి, మిగతాది డోలు లేకుండా కానివ్వమన్నాడు. ఎవరో ఫక్కున నవ్వారు, పందిరంతా నవ్వింది. నవ్వుతున్న జనం మధ్య ఒక్కరే నిలబడి ఉండలేక మామగారు కూర్చున్నారు. బెల్లం పాకం చెవి మీంచి మెడలోకి కారుతోందనీ, ఈగలు మూగుతున్నాయనీ, అతను తుడుచుకోవడం లేదనీ తెర పట్టుకున్న మా పిన్ని నాకు చెబుతూనే ఉంది.

అసలు గట్టిమేళం మోగేసరికి ఎవరూ నమ్మలేదు. సగం జనం పంక్తిలో ఉన్నారు, అక్షింతలు ఎప్పుడో అయిపోయాయి. నేను పెట్టినదాన్నే మళ్లీ తాకమన్నాడు పురోహితుడు, తాకాను. తెర మీదుగా అతని చేయి వచ్చి నా తల మీద ఆగింది. పందిట్లో అంతమందిని కూర్చోబెట్టిన మనిషి, నా తల మీద అదమడానికి జంకుతున్నాడు. నాకంటే ఎక్కువ భయపడ్డాడు పాపం. నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి నాకు, ఆ చేయి అలాగే ఇంకాసేపు ఉంటే బాగుండుననిపించింది.