లేచే వంతెన కింద మోగిన పట్టా

దయ్యాల కథ ఎవరు చెప్పినా ముఖం మీదే నవ్వేవాణ్ణి. ఇప్పటికీ నమ్మానని చెప్పను. జరిగింది మాత్రం చెబుతాను.

చిట్టమూరుకు తూర్పున, కాలువ మీద ఒక ఫ్యాక్టరీవాళ్లు కట్టిన ఇనుప వంతెన ఉండేది. పైన లారీలు వెళ్లేవి. బొగ్గు పడవ వస్తే నడిమి భాగం నిలువుగా పైకి లేచేది. దాని బరువుకు సరితూగే కాంక్రీటు దిమ్మలు రెండు పక్కలా కిందికి దిగేవి. ఆ దిమ్మల కింద దూరి గ్రీజు పెట్టడం మా అన్న చెంచయ్య పని. దూరే ముందు, వేలాడగట్టిన రైలు పట్టా ముక్కను కొట్టాలి. రెండు దెబ్బలు, కాస్త ఆగి ఒకటి. కింద మనిషున్నాడు, వంతెన ఎత్తొద్దని అర్థం.

ఒక మధ్యాహ్నం సూపర్‌వైజర్ భాస్కర్ మీట నొక్కాడు. దిమ్మ అన్న మీదికి దిగింది. నడుము కింద ఏమీ మిగల్లేదు. మిగిలింది గోనెసంచుల్లో ఎత్తుకున్నాం. చెత్త మోసే ట్రాక్టరులో ఇంటికి పంపారు. అది నేను మరిచిపోలేదు.

అన్న పట్టా కొట్టకుండా తాగి పడుకున్నాడని భాస్కర్ చెప్పాడు. మా అన్న కల్లు కూడా ముట్టని మనిషి. ఆ మాటతో మా వదిన ఊళ్లో తలెత్తుకోలేకపోయింది. గేటు దగ్గరే భాస్కర్ పళ్లు రాలగొట్టి జైలుకు పోయాను. తిరిగొచ్చి వదినకు పరిహారం కోసం ఫ్యాక్టరీకి అర్జీ పట్టుకెళితే ఎండలో నిలబెట్టారు. అదీ మరిచిపోలేదు. పట్టా ముక్కను విప్పుకొచ్చి నా మంచం కింద పెట్టుకున్నాను.

పడవలు ఆగిపోయాక వంతెనను తుక్కుకు అమ్మేశారు. అది ముక్కలవడం కళ్లారా చూద్దామని వెళ్లాను. కూలీలు గ్యాస్‌తో కోస్తున్నారు. భాస్కర్ దిమ్మ కిందే నిలబడి వాళ్లను తిడుతున్నాడు. అది తెగి వాడి నెత్తిన పడాలని కోరుకున్నాను. దాచను.

అప్పుడు పట్టా మోగింది. రెండు, ఆగి ఒకటి.

కూలీలు తలలెత్తారు. భాస్కర్ ఒక్క గెంతులో బయటపడ్డాడు. వెనకే ఉక్కు తాడు తెగింది. దిమ్మ నేలలోకి దిగబడింది. వాడి చెప్పు ఒకటి దాని కింద ఉండిపోయింది.

"చెంచయ్యన్న కొట్టినాడు," అన్నాడు బురదలో కూలబడి. "ఆ పొద్దూ ఇట్టనే కొట్టినాడు."

"విన్నావా ఆ పొద్దు?" అని అడిగాను.

"విన్నా. పడవోళ్లు అరస్తా ఉంటే నొక్కేసినా."

కూలీలందరూ విన్నారు. వాళ్లే మా వదిన దగ్గరికొచ్చి చెప్పారు.

ఇంటికొచ్చి మంచం కింద చూశాను. పట్టా అక్కడే ఉంది. దాని మీది దుమ్ము కూడా చెదరలేదు.

వదిన ఒకటే అంది: "కింద మనిషుంటే కొట్టేదే గదా ఆయన పని."

నాకా జవాబు చాలదు. ఎలా మోగిందో నేను చెప్పలేను. కొట్టింది అన్నే అయితే, ఒక్క క్షణం ఎందుకు ఊరుకోలేదు? ఆ విషయంలో ఆయన మీద నాకింకా కోపమే.