బావ బోర్లించిన గ్లాసు

మా ఇంట్లో దయ్యం అన్న మాట ఎత్తితే మా నాన్న ఊరుకునేవాడు కాదు. మేము బాప్టిస్టు సంఘం వాళ్ళం. చనిపోయినవాళ్ళు ప్రభువులో నిద్రపోతారని, కడబూర మోగేదాకా లేవరని చిన్నప్పుడే నూరిపోశారు. ఆదివారం బడిలో పిల్లలకు నేనూ అదే చెబుతాను. ఇప్పటికీ అదే నమ్ముతాను. కాబట్టి దీన్ని ఎవరైనా దయ్యం కథ అంటే నాకు ఒళ్ళు మండుతుంది. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

మాది పలాస దగ్గర ఉద్దానంలో ఒక ఊరు. నేను అంగన్‌వాడీలో పనిచేస్తాను. నా భర్త మా మేనత్త కొడుకే. పెళ్ళయ్యాక కూడా బావా అనే పిలిచాను, ఇక్కడా అలాగే రాస్తాను. పలాస స్టేషను దగ్గర ఆటో నడిపేవాడు. మా వైపు ఎన్నో ఇళ్ళలోకి వచ్చినట్టే మా ఇంట్లోకీ కిడ్నీ జబ్బు వచ్చింది. వారానికి మూడుసార్లు డయాలసిస్. ఆటో మానేశాడు. మాకు పిల్లల్లేరు.

ఆ జబ్బులో అన్నిటికన్నా కష్టం దాహం. రోజుకు ఇంతే నీళ్ళు తాగాలని డాక్టరు చెప్పారు. బావ ఒక చిన్న స్టీలు గ్లాసు ఎంచుకున్నాడు. దాంతో రోజంతటికీ మూడు గ్లాసులు. కొబ్బరితోటల మధ్య పుట్టిన మనిషి కొబ్బరినీళ్ళు ముట్టకూడదు. వేసవి మధ్యాహ్నం వీధిలో ఎవరైనా బోరింగు కొడుతుంటే, ఆ చప్పుడు వినలేక లోపలికొచ్చి తలుపు వేసుకునేవాడు.

ఊరికే కూర్చోలేక పురుగులు పెంచడం మొదలుపెట్టాడు. నవ్వకండి. మీల్‌వార్మ్స్ అంటారు, మేము పిండిపురుగులు అనేవాళ్ళం. కోడిపిల్లలకూ పెంపుడు పిట్టలకూ మంచి మేత. పసుపుపచ్చగా ఉంటాయి, పెరిగి పెరిగి నల్ల పెంకుపురుగులవుతాయి, అవి మళ్ళీ గుడ్లు పెడతాయి. కాశీబుగ్గలో పిట్టలు పెంచే స్నేహితుడు గుప్పెడు ఇస్తే, బావ వాటిని పొడవాటి ప్లాస్టిక్ టబ్బులో గోధుమ తవుడు పోసి వేశాడు. వెనక గదిలో స్టూలు మీద పెట్టాడు. ఆరు నెలలయ్యేసరికి ఆ తవుడు ఉడుకుతున్న గంజిలా కదిలేది.

వాటికి నీళ్ళు పెట్టకూడదు. పెడితే తవుడుకు బూజు పట్టి అన్నీ చస్తాయి. ఒక కేరట్ ముక్క వేస్తే అందులో ఉన్న తడే వాటికి చాలు.

"ఈటికీ నాకూ ఒకటే పత్తెం. నీల్లు ఎక్కువైతే సచ్చిపోతాం," అని బావ నవ్వేవాడు. నాకు మాత్రం నవ్వొచ్చేది కాదు.

ఆ పురుగుల కోసం ఎలుకలు దిగాయి. గాలి ఆడాలని మూత ఒక కొసన కోసి దోమతెర గుడ్డ అంటించాడు బావ. ఎలుకలు దాన్ని కొరికేశాయి. మందు పెడదామంటే, మందు తిన్న ఎలుక టబ్బులో పడి చస్తే మొత్తం పోతుంది. పక్కింటి పిల్లిని తెచ్చి కాపలా పెట్టాం. అది ఎలుకను వదిలేసి మా కోడిపిల్లను ఎత్తుకుపోయింది. చివరికి బావే ఒక ఉపాయం కనిపెట్టాడు. నీళ్ళు తాగేసిన గ్లాసును మూత రెండో కొసన, అంచు మీద బోర్లించేవాడు. ఎలుక ఎక్కిందా, మూత ఒరిగి గ్లాసు గచ్చు మీద పడేది. ఖంగుమని ఒక దెబ్బ, వెంటనే చిన్నది ఇంకొకటి, ఆ తర్వాత గుండ్రంగా దొర్లి ఆగేది. డయాలసిస్ నుంచి వచ్చి తల ఎత్తలేని రోజున కూడా ఆ చప్పుడు వింటే గోడ పట్టుకుని లేచేవాడు.

"నువ్వుండు బావా, నేను సూత్తాను," అంటే వినేవాడు కాదు. "కూకోయే. పిలుపు నాకొచ్చినాది," అనేవాడు.

రెండేళ్ళ కిందట బావ పోయాడు. పెట్టె మూసే ముందు నేను ఆ గ్లాసు తెచ్చి ఆయన చేతి పక్కన, దుప్పటి కింద పెట్టాను. మాలో అలా పెట్టే ఆచారం లేదు. పాస్టరుగారు చూస్తే ఒప్పుకోరు. కానీ అన్నేళ్ళ దాహంతో పోయిన మనిషిని ఉత్త చేతులతో పంపలేకపోయాను. చూసింది నౌపడ నుంచి వచ్చిన మా వదిన ఒక్కతే. వదినంటే బావకు అక్క. చూసి, దుప్పటి ఇంకా కొంచెం పైకి లాగి కప్పింది. మేకులు కొట్టేదాకా ఇద్దరం అక్కడే ఉన్నాం.

పురుగులన్నిటినీ కోళ్ళకు వేసెయ్యమని చాలామంది చెప్పారు, ఎలుకల బెడద కూడా వదులుతుందన్నారు. ఎలుక మీది కోపంతో ఇల్లు తగలబెట్టుకుంటామా? ఆయన చేత్తో పెంచినవాటిలో ప్రాణంతో మిగిలింది ఆ టబ్బొక్కటే. మూత పక్కనే బోను పెట్టి, రోజూ కేరట్ కోసి వేస్తూ వచ్చాను.

బావ పోయిన నాలుగో నెలలో ఒక సాయంత్రం వంటింట్లో చేటలో బియ్యం ఏరుతున్నాను. వెనక గదిలో గ్లాసు పడింది. ఖంగుమని ఒక దెబ్బ, వెంటనే చిన్నది, తర్వాత దొర్లడం. నేను "బావా, ఉండు" అనేసి లేచాను. రెండడుగులు వేశాకే గుర్తొచ్చింది.

గదిలోకి వెళితే మూత ఒరిగి ఉంది. ఎలుక ఒకటి గోడవారగా పారిపోయింది. కింద గ్లాసు లేదు. స్టూలు కింద, మూలల్లో, తలుపు వెనక, అంతా వెతికాను. ఇంట్లో స్టీలు సామానంతా వంటింటి స్టాండులోనే ఉంది. ఆ గదికి ఆనుకుని వేరే ఇల్లు లేదు, ఖాళీ జీడితోట ఉంది.

నెల రోజుల్లో ఇంకో రెండుసార్లు విన్నాను. రెండుసార్లూ మూత ఒరిగే ఉంది. నా చెవులే నన్ను మోసం చేస్తున్నాయనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. ఆ తర్వాత వదిన వచ్చింది. భోజనాలయ్యాక ఇద్దరం వసారాలో చాప వేసుకుని కూర్చున్నాం.

"సువార్తా, గళాసు పడిపోనాదే. ఎలక దూరినట్టుంది, సూడు," అంది వదిన.

నేను కదల్లేదు. ఏ గ్లాసు వదినా అని అడిగాను. "మనమే కదే పెట్టెలో పెట్టీసినాం," అంది వదిన.

ఇక్కడి నుంచి రాయడానికి నాకు సిగ్గుగా ఉంది. మర్నాడే బోను తీసేశాను. చిరిగిన దోమతెరకు కొత్తది వెయ్యలేదు. పైగా కేరట్ ముక్కలు లోపల కాకుండా అంచు మీద పెట్టడం మొదలుపెట్టాను. ఎలుక వస్తేనే చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు విన్న ఒక్క క్షణం బావ ఇంట్లో ఉన్నట్టే ఉండేది, గోడ పట్టుకుని లేవబోతున్నట్టే ఉండేది. ఆ క్షణం కోసం అంగన్‌వాడీ నుంచి పరుగున వచ్చేదాన్ని. ప్రార్థన కూటానికి వెళ్ళడం కూడా తగ్గించేశాను.

ఒకరోజు తవుడులో చెయ్యి పెడితే ఏమీ కదల్లేదు. చేటలో పోసి చెరిగాను. ఇరవైకి లోపే పురుగులు, నాలుగైదు పెంకుపురుగులు. మిగతావన్నీ నేనే ఎలుకలకు పెట్టేశాను. ఆ చేట ముందేసుకుని చాలాసేపు ఏడ్చాను. లేవలేని మనిషి ఆ చప్పుడు విని లేచింది వీటిని కాపాడటానికి. నేనేమో అదే చప్పుడు విని హాయిగా కూర్చున్నాను. పిలుపు నాకు వచ్చిందని ఒక్కసారి కూడా తట్టలేదు.

టెక్కలి వెళ్ళి ఇనుప జాలీ తెచ్చాను. కత్తెరతో కోస్తే వేళ్ళు గీసుకుపోయాయి. మూతకు తీగతో కుట్టి, పైన తాడు బిగించాను. ఎలుకలు నాలుగు రోజులు చుట్టూ తిరిగి మానేశాయి. చప్పుడూ ఆగిపోయింది. ఆగిపోతుందని తెలిసే చేశాను. అయినా సాయంత్రమయ్యేసరికి నా చెవి వెనక గది వైపే ఉండేది. బావను రెండోసారి పూడ్చినట్టనిపించింది.

మూడు నెలలకు, ఒక ఎండాకాలం మధ్యాహ్నం అంగన్‌వాడీ సెంటరు మూసి ఇంటికొచ్చాను. నా చేత్తోనే తాళం తీశాను. టబ్బు తాడు విప్పబోతూ, జాలీలోంచి ఏవో నలుసులు కనిపిస్తే చూద్దామని వంగాను. నలుసులు కాదు, దారప్పోగుల్లాంటి పిల్ల పురుగులు జాలీ కింద తవుడులో కదులుతున్నాయి. వందల్లో ఉన్నాయి. బతికాయి బావా అని పైకే అన్నాను.

అప్పుడు చూశాను. మూత రెండో కొసన, అంచు దగ్గర, గుండ్రంగా నీళ్ళ మరక ఉంది. చిన్న గ్లాసు మూతి అంత. ఆరిన మరక కాదు, తడిది. వేలు పెడితే చల్లగా తగిలింది. పైకప్పు రేకు చూశాను, పొడిగా ఉంది. వాన పడి నెల దాటింది. తుడవలేదు. అది ఆరేదాకా పక్కనే కూర్చున్నాను.

అదెలా వచ్చిందో నాకు తెలియదు. పాస్టరుగారికి చెప్పలేదు, వదినకు మాత్రం చెప్పాను. ఆ మరక మళ్ళీ ఎప్పుడూ రాలేదు. నాకు తెలిసింది ఒకటే. నీళ్ళు తాగేశాకే బావ ఆ గ్లాసు బోర్లించేవాడు. ఎన్ని తాగావు బావా, దాహం తీరిందా అని ఒక్కసారి అడగాలని ఉంది.